రెండో గంటా, మా ఊరి నవలారాయుడూ

ప్రతి పల్లెకీ ఒక నవలా రచయిత ఉండి తీరాలి! కొళాయి లేకపోయినా సర్దుకోవచ్చు, రోడ్డు లేకపోయినా నడిచి పోవచ్చు. నవలా రచయిత లేని పల్లె మాత్రం పల్లే కాదు. దొరకని ఊళ్ళకి ప్రభుత్వమే పారిస్ నుంచి సరఫరా చెయ్యాలని నా డిమాండు.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మా పుయ్‌గ్రెల్‌కి గోంత్రాన్ లెస్పార్ గారు రాకముందు ఏముంది? కింద ద్రాక్షతోటలు, పైన చర్చి, చర్చి నెత్తిన గంట, మధ్యలో మేము. అంటే ఏమీ లేదన్నమాట!

లెస్పార్ గారి పని నడవడం. పొద్దున్నే లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, సందులన్నీ తిరుగుతారు. మేం తిరిగితే దాన్ని పనీపాటా లేకపోవడం అంటారు. ఆయన తిరిగితే ప్రేరణ అంటారు. ఒక గోడ దగ్గర ఆగుతారు, రాతి మీద అరచెయ్యి ఆనిస్తారు, కళ్ళు మూసుకుంటారు. "ఆహా! ఈ రాళ్ళు మాట్లాడతాయి!" అంటారు.

ఆయన ఎక్కువగా కళ్ళు మూసుకునేది మా మేకల కొట్టం గోడ దగ్గర. ఎనిమిది వందల ఏళ్ళ కిందట సన్యాసులు కట్టారని, వాళ్ళ కన్నీళ్ళు ఆ సున్నంలో కలిసి ఉన్నాయని ఆయన నవలలో ఉంది. ఆ గోడ నేనూ మా మేనల్లుడూ కట్టాం. వాడు ట్రాక్టర్ వెనక్కి పోనిచ్చి పాత గోడని పడగొట్టాక, వేరే దారి లేక కట్టాం. కన్నీళ్ళ మాట నాకు తెలియదు కానీ, వాడి బూతులు మాత్రం చాలానే కలిశాయి. అయితేనేం? కూర్చున్న చోటు నుంచి కదలకుండా నా గోడకి ఎనిమిది వందల ఏళ్ళ వయసు వచ్చింది. ఇది లాభం కాదా?

ఇంకా వినండి. మా వంటింటి కిటికీ తలుపు ఒకటి మడతబందు ఊడి వేలాడుతోంది. దాన్ని బాగుచెయ్యమని మా ఆవిడ ఒనొరీన్ నా ప్రాణం తీసేది. లెస్పార్ గారు దాన్ని నవలలో పెట్టారు. "మాట తప్పిన ప్రియుడిలా వేలాడే నీలి తలుపు" అని రాశారు. ఇప్పుడు దాన్ని ఫోటోలు తీసుకోవడానికి జనం వస్తున్నారు. సుత్తి పట్టుకుని దాని దగ్గరికి వెళితే నన్ను సాహిత్య ద్రోహి అంటారు! ఒనొరీన్ నోరు మూతపడింది. నలభై ఏళ్ళ కాపురంలో నేను సాధించలేనిది ఒక్క వాక్యంతో సాధించిన మహానుభావుడాయన.

రొట్టెల సిల్వేర్ సంగతి తీసుకోండి. పాపం, పిండి పడక తుమ్ముతూ బతికే మనిషి, ఈగని కూడా తలుపు తీసి సాగనంపుతాడు. నవలలో అతను ఊళ్ళో సగంమందికి రొట్టెలో విషం పెడతాడు. పుస్తకం వచ్చిన దగ్గర్నుంచీ కొట్టు ముందు క్యూ!

"విషం ఏ రొట్టెలో ఉందండీ?" అని అడుగుతారు వచ్చినవాళ్ళు.

"అక్రోటు రొట్టెలోనండీ, తాజాది," అంటాడు సిల్వేర్, తుమ్మి.

మేం ఇనుప గుండ్లాట ఆడుతుంటే కూడా ఆయన వచ్చి నిలబడేవారు. ఒక సాయంత్రం మేం ఎవరం మాట్లాడకపోవడం చూసి, "ఈ వృద్ధుల మౌనంలో గత యుద్ధాల శోకం ఉంది" అని రాసుకున్నారు. శోకమా, పాడా? గురికి పెట్టిన చెక్కగోలీని సిల్వేర్ కాలితో జరిపాడని నేనన్నాను, జరపలేదని వాడన్నాడు. అందుకే మాటల్లేవు. అడిగితే చెప్పేవాళ్ళం. ఆయన అడగరు. మనుషుల్ని అడిగితే ప్రేరణ చెడిపోతుందట!

ఇక అసలు సంగతికి వస్తాను. మా చర్చి గంట ప్రతి వేళా రెండుసార్లు మోగుతుంది. పన్నెండైతే పన్నెండు దెబ్బలు కొడుతుంది, కాస్త ఆగి మళ్ళీ పన్నెండూ కొడుతుంది. ఈ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఇంతే. తోటలో వంగి పని చేసేవాడు మొదటి దెబ్బకే లెక్క మొదలుపెట్టడు కదా! తలెత్తేసరికి సగం అయిపోతాయి. అందుకని రెండోసారి. మొదటిది మెలకువకి, రెండోది లెక్కకి అని మావాళ్ళ మాట.

లెస్పార్ గారి నవలలో ఇది వేరు. అందులో ఇసోర్ అనే పెళ్ళికూతురు పెళ్ళినాడు బావిలో దూకి చస్తుంది. రెండో గంట కొట్టేది ఆవిడ ఆత్మ. మా ఊరి బావిలో పిల్లి దూకినా తోక తడవదు. అయినా చదివినవాళ్ళు బస్సుల్లో వచ్చి, చర్చి ముందు నిలబడి, రెండో గంట విని గుండెల మీద చేతులు వేసుకుంటున్నారు.

ఇంత పేరొచ్చాక ఆయన అద్దె ఇల్లు వదిలి మా ఊళ్ళోనే ఇల్లు కొనుక్కున్నారు. ఎక్కడ? సరిగ్గా గంట కింద! రెండో భాగం అక్కడే రాస్తానన్నారు. చేరిన కొద్దిరోజులకే కళ్ళ కింద నల్లటి చారలతో మేయరమ్మ ఫ్లావీ దగ్గరికి వెళ్ళారు. రెండో గంట మోతకి రెండో గంట గురించి రాయలేకపోతున్నారట. దాన్ని ఆపాలట!

ఫ్లావీ అందరినీ కాఫీ కొట్టులో కూర్చోబెట్టింది.

"ఊరికి పేరు తెచ్చిన మనిషి, కాదనలేం కదా! ఒకసారి మోగుతోందిగా, చాలదా?" అంది.

"నాకు చాలదు," అంది ఒనొరీన్.

"అదేంటి ఒనొరీనమ్మా?"

"నా ఎడం చెవి పోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదా? మొదటి గంటకి తల తిప్పుతా, రెండో గంటకి లెక్కపెట్టుకుంటా. రెండోది తీసేస్తే నేను ఉత్తినే తల తిప్పుకుంటూ కూర్చోవాలా?"

"గడియారం ఉంటుందిగా?"

"మిరపమొక్కల్లో చేతులు మట్టి చేసుకుని గడియారం చూసుకోమంటావా? నువ్వొచ్చి చూసి చెబుతావా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇక్కడ ఊదింది చెవిటిది, అంతే తేడా. గంటకి కరెంటు వచ్చి చాలాకాలమైంది. ఫ్లావీ ఆఫీసులో ఒక స్విచ్చి నొక్కితే రెండో గంట ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఆకలితో నకనకలాడుతూ ఇంటికి వచ్చాను. బల్ల మీద చెంచా కూడా లేదు.

"ఇప్పుడా రావడం? మూడైంది!" అంది ఒనొరీన్.

"మూడేంటే! ఇప్పుడేగా పన్నెండు కొట్టింది!"

"నా చెవితో నేను విన్నా. మూడు. నువ్వెంతకీ రాకపోతే సూపు మేకలకి పోశా. ఇంక రాత్రికే."

పన్నెండులో మొదటి తొమ్మిదీ తల తిప్పుకోవడానికే సరిపోయాయి. మిగిలిన మూడే ఆవిడకి దక్కాయి.

ఆవిడ ఒక్కతే అయితే పోనీ అనుకుందును. తెల్లవారుజామున నాలుగులో చివరి రెండూ విని, రెండే కదా అని సిల్వేర్ మళ్ళీ ముసుగు తన్నాడు. ఊరికి రొట్టె లేదు! రొట్టె లేకపోతే ఈ దేశంలో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. గుండ్లాటకి ఒకడు అయిదనుకుని వచ్చాడు, ఇంకొకడు మూడనుకుని రాలేదు. ఒకే ఊళ్ళో తలో వేళలో బతికాం. అయినా ఒనొరీన్ తప్ప ఎవరం నోరెత్తలేదు. ఎత్తితే మాత్రం ఏమిటి? ఒనొరీన్ రోజూ మేయరమ్మ ఆఫీసుకి వెళ్ళింది. "చూద్దాంలే అమ్మా" అని ఫ్లావీ రోజూ అంది.

ఆ ఆదివారం బస్సు వచ్చింది. జనం దిగి చర్చి ముందు నిలబడ్డారు. గంట మోగింది. చేతులు గుండెల దాకా లేపి ఆగారు. ఆగారు. ఇంకా ఆగారు.

"ఏమండీ, దయ్యం సెలవులో ఉందా?" అని ఒకావిడ ఫ్లావీని నిలదీసింది.

మర్నాటికల్లా రెండో గంట తిరిగొచ్చింది! బతికున్న ఒనొరీన్ రోజూ వెళ్ళి అడిగితే రానిది, ఎప్పుడూ పుట్టని ఇసోర్ కోసం ఒక్క పూటలో వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఇలా ఒప్పుకోవడం నా వాదనకి మంచిది కాదు, అయినా మండింది.

అందుకని ఒక పథకం వేశాను. రాళ్ళు మాట్లాడితే వినే మనిషికి రాళ్ళతోనే చెప్పించాలి కదా? మధ్యాహ్నం కావస్తుండగా లెస్పార్ గారు వచ్చి మా కొట్టం గోడ మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. నేను గోడ వెనక మేకల మధ్య నక్కి, గొంతు బరువు చేశాను.

"గోంత్రాన్! రెండో గంట ఏ పెళ్ళికూతురిదీ కాదు. అది ఒనొరీన్ కోసం!"

ఆయన టోపీ తీసేశారు. ఊపిరి బిగబట్టి విన్నారు. ఆ గోడ కట్టినవాడు చెబితే ఎన్నడూ వినని మనిషి, గోడ చెబితే ప్రతి మాటా విన్నారు! నేను తోటలో వంగిన మనుషుల గురించి చెప్పాను, పోయిన ఎడం చెవి గురించి చెప్పాను, మేకలు తాగిన సూపు గురించి కూడా చెప్పాను. అంతా విని, ఆయన గోడకి దగ్గరగా జరిగి మెల్లగా అడిగారు:

"ఒనొరీన్ ఎవరు?"

ఒనొరీన్ ఎవరా! ఆయన వచ్చిన మొదటి శీతాకాలం నుంచీ గుమ్మంలో అంజూరపండ్ల జామ్ సీసాలు పెడుతున్నది ఎవరు? ఆయన దాన్ని కూడా నవలలో పెట్టారు, "అదృశ్య హస్తం వదిలిన తీపి" అని. ఆ హస్తం అదృశ్యం కాదు. ఆయన దారిన పోతుంటే రోజూ మా గుమ్మం నుంచి ఊపుతుంది, బోంజూర్ అంటుంది!

చెబుదామని నోరు తెరిచానో లేదో, పైన గంట పన్నెండు కొట్టింది. కాస్త ఆగి మళ్ళీ పన్నెండు కొట్టింది. అప్పుడు మా తోటలోంచి కేక వినిపించింది.

"ఓ బాప్తిస్తాన్! పన్నెండైంది, భోజనానికి రా!"

"అదిగో, ఆవిడే!" అన్నాను. గొంతు బరువు చెయ్యడం కూడా మరిచిపోయాను.

లెస్పార్ గారు జేబులోంచి పెన్సిలు తీశారు. రాతి సందులోంచి చూశాను. "బావి అడుగు నుంచి ఇసోర్ నన్ను భోజనానికి పిలిచింది" అని రాసుకుంటున్నారు.

ప్రతి పల్లెకీ ఒక నవలా రచయిత ఉండి తీరాలన్నాను కదా. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కాకపోతే ఈసారి ప్రభుత్వం సరఫరా చేసేటప్పుడు చెవులున్నవాణ్ణి చూసి పంపమనండి. రెండూ అక్కర్లేదు. మా ఆవిడకి ఉన్నట్టు ఒకటున్నా చాలు.