కర్త లేని వాక్యం

ఆదివారం పొద్దున్నే ప్రూఫ్‌రీడరుగారు ఒక్కటంటే ఒక్క పని పెట్టుకున్నారు. పెరట్లో మొక్కను బావమరిది ఇంటికి పంపెయ్యాలి. ఏడాది పొడవునా ఆకు రాల్చని జాతి. నాజూకు కూడా అంతే. ఆ ఊళ్ళో ఎండా చలీ రెండూ మర్యాదస్తులే అయినా, చలికాలం రెండు నెలలూ దానికి గండమేనని అమ్మినవాడు ముందే చెప్పాడు. ఆయన చేతుల మీదుగా ఇప్పటికే పదకొండు మొక్కలు పరమపదించాయి. ఈ పన్నెండోది కూడా పోతే పెరడంతా గచ్చు చేయించేస్తానని భార్య తేల్చి చెప్పేసింది.

బావమరిది ఇంటి దక్షిణపు గోడ వెచ్చగా ఉంటుంది. అందుకని ఫోను చేశారు.

"అది ఇక్కడి చలికి తట్టుకోదోయ్. వచ్చి ఆర్నెల్లయింది, ఎంత చేసినా కళే లేదు. ఇక్కడే పాతుకుపోకముందే వచ్చి తీసుకుపో. పోతే నీ చేతుల్లోనే పోనీ."

అవతలివాడు ఊ అనేలోపే, ఒప్పుకున్నాడనుకుని ఆయన పెట్టేశారు. లోకుల తప్పులు దిద్ది జీతం తీసుకునే మనిషి, తన మాటల్లో మొక్క అన్న ముక్కే లేదని గమనించలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారినీ గమనించలేదు. ఆవిడ వచ్చీ ఆర్నెల్లే. ఆ బావమరిది ఆవిడ కన్నకొడుకే.

ఆవిడ వెంటనే పెట్టె సర్దుకున్నారు. కూతురు బతిమాలితే కారణం చెప్పారు. పొమ్మన్నందుకు కాదట, పోతుందన్నందుకూ కాదట. 'అది' అన్నందుకట. భార్య ఏడుస్తూ తమ్ముడికి ఫోను చేసింది. అతను అప్పటికే బండి మాట్లాడుకుని దారిలో ఉన్నాడు.

ఈలోగా ప్రూఫ్‌రీడరుగారు మొక్కను మట్టిగడ్డతో సహా పెకలించి గోనెసంచిలో చుట్టారు. బండి ఆగగానే వీధిలోకి ఎదురెళ్ళారు.

"కుదుపులు తగలకుండా కాళ్ళ దగ్గర పెట్టుకో" అన్నారు.

"మా అమ్మని కాళ్ళ దగ్గర పెట్టుకోవాలా బావగారూ?" అన్నాడు బావమరిది.

అప్పుడు తెలిసింది ఆయనకు. మొక్క గురించన్నానని ముగ్గురికీ మూడేసిసార్లు చెప్పారు. మొక్కకి కళేమిటండీ అని భార్య నిలదీసింది. చివరికి గోనె విప్పి చూపించారు. ఆకులన్నీ తలలు వేలాడేశాయి.

అత్తగారు వంగి, బయటపడ్డ వేళ్ళను చూశారు. వాటిని కొంగుతో కప్పారు.

"ఆర్నెల్లకే పీకేస్తే ఎవరు మాత్రం కుదురుకుంటారు నాయనా? మేమిద్దరం ఎక్కడికీ వెళ్ళం" అన్నారు.

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. ఇంట్లో వెచ్చగా ఉండేది దంపతుల పడగ్గది ఒక్కటే కాబట్టి, బకెట్లో నాటిన మొక్కతో సహా అత్తగారు అందులోకి మారారు. తోడుగా కూతురూ మారింది. నెల తిరిగేసరికి మొక్క గుత్తులుగా పూసింది. అత్తగారి హస్తవాసిని వీధంతా మెచ్చుకుంది, గచ్చు మాట ఇంట్లో మళ్ళీ రాలేదు.

వరండాలో పడుకుంటున్న ప్రూఫ్‌రీడరుగారు రెండో దుప్పటి అడిగితే, మొక్కకు కప్పామన్నారు.