పడవకు చెరో పక్క

ఆ మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ కాన్సెట్టా ఒక నిర్ణయానికి వచ్చింది. సాయంత్రం టికెట్టు కొనుక్కుని ఫ్లూక్ చేపలు పట్టే పడవ ఎక్కాలి. మంగళవారాలు చెల్లెలు ఫిలొమీనాకు చర్చిలో పాటల సాధన ఉంటుంది కాబట్టి, పడవ మీద ఎదురుపడే ప్రమాదం లేదు. ఏప్రిల్‌లో మేనల్లుడి పెళ్ళిలో ఫిలొమీనా ఆమెను ఆడపెళ్ళివాళ్ళకు పరిచయం చేస్తూ, "మా అక్క. నాకు అమ్మలాంటిది" అంది. ఇద్దరికీ ఏడాదే తేడా. ఆ రోజు నుంచి మాటల్లేవు.

చర్చిలో ఆర్గన్ పాడైందనీ, సాధన లేదనీ కాన్సెట్టాకు ఎవరూ చెప్పలేదు.

పడవ రేవు దాటాక చూసింది. ఎడమవైపు రెయిలింగ్ దగ్గర, పసుపు టోపీ పెట్టుకుని ఫిలొమీనా! కాన్సెట్టా కిక్కురుమనకుండా కుడివైపుకు వెళ్ళి, గాలానికి ఎరగా స్క్విడ్ ముక్క గుచ్చి నీళ్ళలోకి వదిలింది. గ్రేట్ సౌత్ బే అఖాతం అద్దంలా ఉంది. ఎండ మెత్తబడింది. ఇంజను ఆపేసిన పడవ నీటివాలున మెల్లగా కొట్టుకుపోతోంది. పళ్ళెంలాంటి ఫ్లూక్‌లు అడుగున ఇసుకలో ఎక్కడో ఒదిగి పడుకుని ఉంటాయి.

ఉన్నట్టుండి ఆమె గాలపుకర్ర విల్లులా వంగింది.

పడవలో పనిచేసే డ్వేన్ వల పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "వదలకమ్మా! గుమ్మం ముందేసే కాళ్ళపట్టా అంత ఉంటుందిది!"

"అమ్మా గిమ్మా అనకు. కాన్నీ అని పిలువు" అంటూ ఆమె బలంగా లాగింది.

వెంటనే ఎడమవైపు నుంచి కేక వినిపించింది. "నాకూ పడింది! లాగేస్తోంది బాబోయ్!"

ఆ గొంతు ఎవరిదో కాన్సెట్టాకు తెలుసు. పళ్ళు బిగించి ఇంకా లాగింది. అటు కేకలు ఇంకా పెరిగాయి.

పైనుంచి కెప్టెన్ హెల్గెసన్ చూశాడు. రెండు పక్కలా కర్రలు వంగాయంటే పడవ కింద చేపల మందే ఉందనుకున్నాడు. "అందరూ గాలాలు దింపండి! మన కిందే ఉన్నాయి!" అని మైకులో అరిచాడు. అందరూ దింపారు. దింపిన గాలమల్లా అడుగున ఆ రెండు తాళ్ళకే చిక్కుకుంది. "నాకు పడింది!" "నాకూ!" కెప్టెన్ ఉబ్బితబ్బిబ్బై రేడియోలో స్నేహితుణ్ణి కూడా పిలిచాడు. ఆ స్నేహితుడి పడవా పక్కకొచ్చి గాలాలు దింపింది.

ఇంత సంబరంలోనూ ఒక్క చేప పైకి రాలేదు.

అనుమానమొచ్చి డ్వేన్ రెయిలింగ్ మీంచి వంగి చూశాడు. "కెప్టెన్! వీళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటున్నారు!"

కాన్సెట్టా గబుక్కున తాడు వదులు చేసింది. అటుపక్క ధబ్బుమని చప్పుడైంది.

"ఫిల్లీ! దెబ్బ తగిలిందా?"

"కూలబడ్డానంతే! చెప్పాపెట్టకుండా వదిలేస్తావేంటే?"

"నువ్వెందుకు లాగావు?"

"నువ్వు లాగుతుంటే ఊరుకోనా?"

డ్వేన్ బస్తాడంత తాళ్ళ చిక్కును పైకి లాగాడు. మధ్యలో అరచేయంత ఫ్లూక్ పిల్ల, దాని నోట్లో అక్కచెల్లెళ్ళిద్దరి గాలాలూ ఉన్నాయి.

"ముందు నాదే మింగింది" అంది కాన్సెట్టా.

"నీది పెదవికే తగిలింది. నీ ఎర కంపుకి చేప దగ్గరికొస్తుందా?"

ఉంచుకోదగ్గ సైజేనా అని డ్వేన్ కొలవకుండానే దాన్ని నీళ్ళలో వదిలేశాడు. మిగతా సాయంత్రమంతా రెండు పడవల జనం కత్తెరలతో చిక్కులు తీస్తూ కూర్చున్నారు. అక్కచెల్లెళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే సాండ్‌విచ్ చెరి సగం తింటూ, చేప ఎవరిదో తేల్చుకుంటూనే ఉన్నారు. కాన్సెట్టాకు ఏప్రిల్ తర్వాత ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

రేవులో దిగుతూ ఆమె అడిగింది. "రేపూ పడవుంది కదా కెప్టెన్? ఇద్దరం వస్తాం. ఈసారి ఒకే పక్క నిలబడతాంలే."

రేపటికి పడవ నిండిపోయిందని కెప్టెన్ ఎంతో మర్యాదగా చెప్పాడు. రేపటి టికెట్లు అమ్మడం ఇంకా మొదలు కాలేదు.