అడ్డంగా బండి తోలేవాళ్ళు చల్లగా ఉండాలి

ఇలా దగ్గరికి జరగండి. ఇంకాస్త. ఈ టైర్ల రొదలో నా మాట మీకు చేరాలంటే మోకాలికి మోకాలు తగలాల్సిందే. కూర్చున్నారా? అయితే వినండి. ఈ లోకాన్ని బాగుచేయగలిగింది డ్రిఫ్టింగ్ ఒక్కటే!

నవ్వకండి. ఫుకుషిమా కొండల్లో, కార్ల పందేల సర్క్యూట్ గేటుకి ఎదురుగా నూడుల్స్ దుకాణం నడుపుతున్నదాన్ని. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మలుపు రాగానే బుద్ధిమంతుడు బ్రేకు వేస్తాడు. డ్రిఫ్టింగ్ చేసే వీళ్ళు వెనక చక్రాలు జార్చి, ముక్కు ఒక దిక్కు, తోక ఒక దిక్కు పెట్టి, బండిని పీతలా అడ్డంగా నడిపిస్తారు. టైరు అరుస్తుంది, పొగ లేస్తుంది, కొండ మాయమవుతుంది. దీన్ని గోల అంటారు తెలియనివాళ్ళు!

ఆ పొగకి మా దోమలన్నీ మూటాముల్లె సర్దుకుని సెండాయ్ పట్నంలో అద్దెకి దిగాయట. తీగ మీద ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతుంది, ఇక మాసిందన్న బెంగే లేదు. మా వీధిలో ఇద్దరు ముసలాళ్ళకి చెవులు పోయాయి. వాళ్ళ కాపురాలు ఇప్పుడు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో మీరొచ్చి చూడాలి!

అసలు మేలు ఇవేవీ కావు. దేశదేశాల నుంచి వచ్చే పిల్లలున్నారే, వాళ్ళని చూడాలి.

న్యూజిలాండ్ నుంచి విరెము వచ్చాడు. పోలండ్ నుంచి ఒకడొచ్చాడు. అతని పేరు పూర్తిగా పలికేలోపు గిన్నెలో నూడుల్స్ మెత్తబడిపోతాయి కాబట్టి పోలండబ్బాయి అంటాను. ఒకరి భాష ఇంకొకరికి రాదు. అయితేనేం? ముల్లంగి ఊరగాయ పళ్ళెం మీదుగా అరచేతులు రెండూ బండ్లలా జార్చి, నోటితో టైరు కూత కూసి, గంటలకొద్దీ మాట్లాడుకుంటారు.

మొన్న చెర్రీలు పూసిన రోజుల్లో విరెము బండి వెళ్ళి పోలండబ్బాయి బంపర్ పగలగొట్టింది. అయిపోయింది, ఇక రెండు దేశాలకీ యుద్ధమే అనుకున్నాను. మా ఊళ్ళో చీపురు పక్కవాడి గుమ్మం దాటితేనే మనవల కాలం దాకా మాటలుండవు మరి! వాళ్ళు మాత్రం దిగి, పగులు చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. పగులుకి అటూ ఇటూ కన్నాలు వేసి, ప్లాస్టిక్ పట్టీలతో ఇద్దరూ కలిసి కుట్టారు. నేను కిమోనో అంచు కుట్టినంత ఒబ్బిడిగా! కుట్టి, మళ్ళీ వెళ్ళి గుద్దుకున్నారు.

అందుకే అంటున్నాను. రాయబారులకి కోట్లూ బూట్లూ ఎందుకు దండగ? తలా ఒక పాత బండి, గుప్పెడు ప్లాస్టిక్ పట్టీలు ఇచ్చి మా కొండకి పంపండి!

మా ఇంట్లో ఇలాంటి అవస్థ లేదు లెండి. మాకు ఒకే దేశం, ఒకే భాష, ఒకే కడుపు. నా కొడుకుల్లో పెద్దవాడు ఇసావొ, చిన్నవాడు కియొషి. ఇద్దరూ మెకానిక్కులే. నా దుకాణానికి కుడిపక్క పెద్దవాడి షెడ్డు, ఎడమపక్క చిన్నవాడిది.

వాళ్ళ నాన్న పోయాక ఆయన తెల్ల బండి మిగిలింది. ముట్టుకోకుండా ఉంచుదామన్నాడు పెద్దవాడు. నాన్న బండి పరిగెత్తాలన్నాడు చిన్నవాడు. గొడవని ఎంత హుందాగా తేల్చుకున్నారనుకున్నారు! ఇంజిన్ పెద్దవాడు ఊడదీసుకుపోయాడు. గేర్‌బాక్స్ చిన్నవాడు పట్టుకుపోయాడు. ఉత్త డొల్ల నా పెరట్లో పడి ఉంది, పిల్లులు కాపురం పెట్టాయి. ఆనాటి నుంచీ ఇద్దరికీ నేనే తపాలా ఆఫీసుని.

"అమ్మా, ఆయనగారితో చెప్పు, రేపు జంట పరుగులో ముందు నేనే" అంటాడు పెద్దవాడు ఈ బల్ల దగ్గర కూర్చుని.

"అమ్మా, వెనక నేనుంటే ముందున్నవాళ్ళకి చెమటలు పడతాయని ఆయనగారికి మనవి చెయ్యి" అంటాడు చిన్నవాడు పక్క బల్ల నుంచి.

మర్నాడు చూడాలి ఆ పరుగు! రెండు బండ్లూ అడ్డం తిరిగి, తలుపుకీ తలుపుకీ మధ్య అరచెయ్యి పట్టే సందుతో మలుపంతా జారతాయి. పరదేశపు పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోతారు. అన్న కాలు బ్రేకు మీదకి ఎప్పుడు పోతుందో తమ్ముడికి ముందే తెలుసు. దిగాక ఆ అన్నకి సోయా సీసా అందించడం మాత్రం తెలియదు!

వాళ్ళ నాన్న ఏడో ఏటి కార్యానికి పెద్దవాడు పొద్దున వచ్చాడు, చిన్నవాడు సాయంత్రం వచ్చాడు. పూజారి గారు రెండుసార్లు మంత్రం చదివి, రెండుసార్లు భోంచేశారు. ఆనాటి నుంచీ ఆయనకి మా కుటుంబమంటే మహా అభిమానం. ఈ శరదృతువులో పదమూడో ఏటి కార్యం. మా ఆచారంలో ఆ పైది పదిహేడో ఏటే, అది నేను చూస్తానో లేదో. మా ఆయన ఫొటో ముందు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటే చాలు నాకు.

ఇంతలో వానలకి జలుబు చేసి నా గొంతు పోయింది. తపాలా ఆఫీసు మూతపడింది. ఇక తప్పక మాట్లాడుకుంటారని సంబరపడ్డాను. ఏం చేశారనుకున్నారు? విరెముని పిలిచారు!

"విరెమూ, పానాల పెట్టె ఎప్పుడిస్తాడో ఆయనగారిని అడుగు."

విరెముకి మా భాషలో గుప్పెడు మాటలే వచ్చు. పక్క బల్ల వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు. "కియొషి గారూ. పానా. ఎప్పుడు. నూడుల్స్ బాగున్నాయి."

"తుప్పు వదిలాక ఇస్తానని చెప్పు."

"ఇసావొ గారూ. తుప్పు. వదిలింది. థాంక్యూ."

పాపం, అలా మధ్యాహ్నమంతా మోశాడు. చివరికి తల గోక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. "మామ్మా, వీళ్ళిద్దరిలో జపనీసు ఎవరికి రాదు?"

ఏం చెప్పను? నోరుంటే కదా!

విరెము వాళ్ళ దేశం వెళ్ళిపోయిన మర్నాడు, రోజూ వంటకాలు రాసే బోర్డు తుడిచి సుద్దముక్కతో ఇలా రాశాను: "కార్యం సర్క్యూట్‌లోనే. ఫొటో ఒళ్ళో పెట్టుకుని నేను ఎక్కేది మీ నాన్న బండే. మలుపులో అడ్డంగా తిప్పాలి. పూజారి గారు ఒప్పుకున్నారు, గుండుకి సరిపోయే హెల్మెట్ చూడండి." కింద ఖాళీ ఉంటే "ఈరోజు వేయించిన టోఫు కూడా ఉంది" అని చేర్చాను.

పెద్దవాడు చదివాడు. చిన్నవాడు చదివాడు. ఎవరి గిన్నె వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

నిన్న సాయంత్రం కుడివైపు నుంచి తోపుడుబండి మీద ఇంజిన్ వచ్చింది. ఎడమవైపు నుంచి గేర్‌బాక్స్ వచ్చింది. పిల్లులు తిట్టుకుంటూ ఇల్లు ఖాళీ చేశాయి. ఆ రెంటినీ జోడించాలంటే కింద ఒకడు పడుకుని ఎత్తాలి, పైన ఒకడు వంగి చూపించాలి. సైగలతో అయ్యే పని కాదు, ఒకడి మొహం ఒకడికి కనిపించదు కదా! ఇనప చప్పుళ్ళు తప్ప ఏమీ లేదు. నేను వంటింట్లో కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాను. అప్పుడు వినపడింది.

"ఒరేయ్ దద్దమ్మా! బోల్టు అటు కాదురా!"

"చెయ్యి అడ్డం పెట్టింది నువ్వు, తిట్లు నాకా? తియ్యి అన్నయ్యా ముందు, వేలు నలుగుతుంది!"

ఏ గుళ్ళోనూ అంత తియ్యటి మంత్రం నేను వినలేదు.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి, పదిమందికీ చెప్పండి. పోలండబ్బాయి కనిపిస్తే చేతులు జార్చి అతనికీ చెప్పండి. మా దుకాణానికి వస్తే మాత్రం ఒక్క ముక్క దాచాలి. నా గొంతు బాగుపడి చాలా రోజులైంది! ఇది పేపర్లో పడినా మావాళ్ళు చదువుతారన్న భయం లేదు, పేపరు వాళ్ళకి బండి కింద పరుచుకోవడానికే. మీరు నోరు జారకండి. ఇంకా బిగించాల్సిన బోల్టులు చాలా ఉన్నాయి.