ముళ్లపందికి శాలువా

ఒక పెద్ద అడవిలో వనమిత్ర క్లబ్బు అని ఒకటుండేది. సరిహద్దులో కాపలా కాసే సిపాయిలంటే ఆ క్లబ్బుకు మహా ప్రేమ. ఎవరు సెలవు మీద వచ్చినా సరే, ఇంటికి పోనివ్వకుండా పట్టుకుని సన్మానం చేయడం వాళ్ల ఆనవాయితీ.

ఆ ఏడు ముళ్లపంది గున్నయ్య వంతు వచ్చింది. తను సరిహద్దులో ఉండగా భార్య పోలమ్మ కవలల్ని కన్నది. వాళ్లను చూడాలని గున్నయ్య ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చాడు. అడవి మొదట్లోనే క్లబ్బు కార్యదర్శి గోరువంక ఎదురైంది.

"రావయ్యా వీరుడా! వేదిక సిద్ధం."

"ముందు పిల్లల మొహం చూసి వస్తానమ్మా."

"పిల్లలెక్కడికి పోతారు? ముఖ్య అతిథి మళ్లీ దొరకరు."

వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాన్నిండా క్లబ్బు అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు నవ్వుతున్నాడు. ఓ మూల చింతగింజంత గున్నయ్య.

భల్లూకరావు మైకు అందుకున్నాడు. సిపాయిల త్యాగంతో మొదలుపెట్టి, తన చిన్నతనంలోకి వెళ్లి, అక్కణ్ణుంచి తన తేనె వ్యాపారంలోకి దిగి, రాబోయే క్లబ్బు ఎన్నికల దగ్గర తేలాడు. గున్నయ్య ఆవలించాడు.

"ఈ వీరుణ్ణి గుండెలకు హత్తుకోకపోతే నా జన్మ ఎందుకు!" అన్నాడు భల్లూకరావు, గొంతు వణికిస్తూ.

"అయ్యా, వద్దండయ్యా! నా ఒళ్లు..."

"సిగ్గుపడకు తమ్ముడూ!"

గట్టిగా కౌగిలించుకున్నాడు.

ఆ కేకకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. అధ్యక్షులవారికి దుఃఖం ఆగలేదనుకుని జనం చప్పట్లు కొట్టారు. ముక్కు నుంచి పొట్ట దాకా ముళ్లతో భల్లూకరావు కుర్చీలో కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే, అందరూ ఎదురుచూసి విసిగిపోయాక, ముఖ్య అతిథి ఏనుగుగారు వచ్చారు. ఆయనకు చూపు కాస్త మందం. కుర్చీలో మూలుగుతున్న ముళ్ల ఆకారాన్ని చూసి, "ఓహో, మన సిపాయి ఈయనేనా!" అంటూ శాలువా కప్పి, తొండంతో భుజం మీద రెండు తట్లు తట్టారు. ముళ్లు ఇంకాస్త లోపలికి దిగాయి.

"నేను కాదు మొర్రో!"

"ఎంత వినయం!" అన్నారు ఏనుగుగారు.

గున్నయ్య గోరువంక దగ్గరికి జరిగి, "అమ్మా, ఆయన మీ అధ్యక్షుడు కదా..." అన్నాడు.

"ష్! ముఖ్య అతిథి మాటకు అడ్డు చెప్తామా?" అని గోరువంక మైకు అందుకుంది. "సభ్యులంతా వరుసగా వచ్చి వీరుడికి శాలువాలు కప్పవలసిందిగా కోరుతున్నాం!"

సభ్యులు తోసుకుంటూ వచ్చారు. కప్పినవాళ్లంతా ప్రేమగా ఓ తట్టు తట్టారు. శాలువాల కింద నుంచి అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి.

గున్నయ్య మెల్లగా వేదిక దిగి ఇంటికి పరుగెత్తాడు. పిల్లలు పాకుతూ వచ్చి మీద పడ్డారు. వాళ్ల ముళ్లు ఇంకా మెత్తగా, గడ్డిపోచల్లా ఉన్నాయి. గున్నయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి.

"క్లబ్బోళ్లు ఇంత తొందరగా ఎలా వదిలారు మావా?" అంది పోలమ్మ.

"అచ్చం నాలాంటోడే ఇంకొకడు దొరికాడే," అన్నాడు గున్నయ్య, పిల్లల పక్కనే నడుం వాలుస్తూ.

నీతి: పారిపోలేనివాడికే సన్మానం జరుగుతుంది.