రాతిగింజ, ఇనుప బకెట్

గురువారం పొద్దున నునుపు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తాను చెక్కిన తెల్లని రాతిగింజను గరుకు కాగితంతో ఇంకొక్కసారి రుద్దాలి, ఇంటికొచ్చి కునుకు తీయాలి, అంతే. ముప్పై ఏళ్లుగా రాళ్లు చెక్కుతున్నా, ఆయన శిల్పం ఒక్కటీ నలుగురూ తిరిగే చోట నిలబడలేదు. అన్నీ ఇంట్లోనే పడి ఉండి, భార్య కాలికి తగులుతున్నాయి. ఇన్నాళ్లకు లైబ్రరీ ముందు జాగా దొరికింది. సోమవారానికి శిల్పం అందకపోతే ఆ జాగాలో జనరేటర్ పెట్టేస్తారట.

చిక్కల్లా, లైబ్రరీ వాళ్లు అడిగింది ఇద్దరు కలిసి చేసే శిల్పం. రెండో శిల్పి చెల్లెలి మొగుడు. పాత ఇనుము కనబడితే చాలు, దేనికో దానికి వెల్డింగ్ చేసేస్తాడు కాబట్టి ఇంట్లో అందరికీ అతుకుల బావ. మాస్టారి రాతిగింజ చుట్టూ బావ ఇనుపకొమ్మలు అతికాడు. మాస్టారిది తీసేసే పని, బావది తగిలించే పని. ఇద్దరూ ఒకచోట ఉంటే ఉప్పూ నిప్పూ. అందుకని చెల్లెలు ఇద్దరిచేతా ఒట్టు వేయించింది. శిల్పం ఉన్న షెడ్డులో పొద్దున అన్నయ్య, మధ్యాహ్నం మొగుడు. ఒకరు పెట్టినదాన్ని ఇంకొకరు పీకకూడదు, పల్లెత్తు మాట అనకూడదు.

ఆ రోజు ఇనుపకొమ్మల మధ్య ఉన్న గింజ అందక మాస్టారు ఇంటి నుంచి ఇనుప స్టూలు తెచ్చుకున్నారు. పని అయ్యాక దాన్ని శిల్పానికి ఆనించి మరిచిపోయారు. శుక్రవారం వచ్చి చూస్తే స్టూలు శిల్పానికి నాలుగు చోట్ల వెల్డింగ్ అయి ఉంది. అడుగుదామంటే ఒట్టు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ స్టూలు తుప్పంతా వదిలేదాకా రుద్ది, ఇంటి నుంచి తెచ్చిన నీళ్ల బకెట్ కొమ్మకు తగిలించి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

శనివారానికి బకెట్ కొమ్మకు అతుక్కుపోయింది. మాస్టారు ఇంటి నుంచి ఇనుప నిచ్చెన తెచ్చి, ఎక్కి, దాన్ని కూడా మెరిపించారు. కాళ్లు పట్టేసి నిచ్చెనను అక్కడే వదిలేశారు. ఆదివారం నిచ్చెన కూడా శిల్పంలో కలిసిపోయింది. మాస్టారు ఇంటికొచ్చి కాలుగాలిన పిల్లిలా తిరిగారు. సామాన్లు ఏవని భార్య అడిగితే పని జరుగుతోందన్నారు.

"కుక్కర్ మాత్రం ముట్టుకోకండి" అంది ఆవిడ.

ఇక ఆగలేక, మధ్యాహ్నం బావ వచ్చే వేళకు మాస్టారు షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నా. ఆ నిచ్చెనెందుకు అతికావు బావా?"

"మీరు పెట్టారుగా బావగారూ."

"మరిచిపోయి వెళ్లానయ్యా."

బావ కూలబడ్డాడు. "స్టూలు చూసి ఇదేం పిచ్చి అనుకున్నా. ఒట్టుంది కదాని, పడిపోకుండా అతికా. మర్నాటికి మీరు దాన్ని మెరిపించి బకెట్ కూడా తగిలించారు. ఇంకేమనను?"

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. సోమవారం పొద్దున్నే వచ్చి స్టూలూ, బకెట్టూ, నిచ్చెనా కోసి కింద పడేశారు. ఇనుపకొమ్మల మధ్య గింజ మళ్లీ ఒంటరిగా, అందంగా కనిపించింది. అంతలో లారీతో లైబ్రరీ సెక్రటరీ దిగాడు. శిల్పం చుట్టూ రెండుసార్లు తిరిగి, జేబులోంచి ఫోన్ తీశాడు. అందులో చెల్లెలు ఆదివారం సంబరపడి తీసి పంపిన ఫొటో ఉంది.

"ఆ బకెట్ ఏదండీ? కమిటీ అంతా ముచ్చటపడింది ఆ బకెట్టూ, నిచ్చెనా చూసే. అవి లేకుండా తీసుకెళ్తే ఒప్పుకోరు." కాస్త ఆలోచించి మళ్లీ అన్నాడు. "ఆ తెల్లరాయి తీసేస్తే బకెట్ ఇంకా బాగా కనబడుతుంది."

మాస్టారు నాలుగు నెలలు చెక్కిన రాయి అది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అటు తిరిగి నిలబడ్డారు.

"ఆ రాయి లేకపోతే నా ఇనుమూ రాదండి" అన్నాడు బావ నెమ్మదిగా. "జనరేటరే పెట్టుకోండి."

సెక్రటరీ ఎవరికో ఫోన్ చేసి, సరే, రాయి ఉండనీండి, బకెట్ మాత్రం తప్పదని చెప్పి, డ్రైవరుతో టీకి వెళ్లాడు. తన రాయి కోసం ఒక మనిషి అడ్డుపడటం మాస్టారు పుట్టాక ఇదే మొదటిసారి చూడటం. బకెట్ తీసి తన చేతులతోనే బావకు అందించారు.

బకెట్ నిటారుగా ఉండాలా, వాలుగా ఉండాలా అన్నది ఇద్దరి మధ్యా తేలక లారీ సాయంత్రం దాకా కదల్లేదు.