ఎండను దున్నిన కంపెనీ

శ్రామిక సమతా పార్టీ అధికారంలోకి వచ్చాక తన ఆర్థిక విధానాన్ని మార్చుకుందన్న ప్రచారంలో నిజం లేదు. విధానం ఉన్నచోటే ఉంది. చేతులు మారింది ఓబన్న చేను మాత్రమే.

బనగానపల్లెకు పడమట రాళ్లమిట్టలో ఉండేది ఆ చేను. పార్టీ ప్రతిపక్షంలో ఉన్న రోజుల్లో మండల నాయకుడు వీరభద్ర జనాన్ని వెంటేసుకొచ్చి ఆ బంజరులో జెండాలు పాతించాడు. గడ్డపారకు లొంగని రాతినేల. గుంతలన్నీ ఓబన్నే తవ్వాడు. పోలీసులొచ్చి అతని వీపు తవ్విపోయారు. తర్వాత అతనూ, భార్య ఈరక్కా రాళ్లేరి, గట్టు పోసి, కొర్ర చల్లుకున్నారు.

"పట్టా యాడికి పోతాది ఓబన్నా? మన ప్రభుత్వం రానీ" అన్నాడు వీరభద్ర.

ప్రభుత్వం వచ్చింది. పట్టాకు బదులు సర్వేయరు వచ్చాడు. మిట్ట మొత్తం ఎండతో కరెంటు తీసే కంపెనీకి ఇచ్చేశారు.

విధానం జనానికి అర్థం కావాలి గనుక వీరభద్ర షామియానా వేయించాడు.

"దున్నేవానిదే భూమి అన్నాం. ఈ పొద్దుకీ అదే అంటాండాం. అయితే ఓబన్న మట్టిని దున్నుతాండాడు, కంపెనీ ఎండను దున్నుతాండాది. మట్టి వానొస్తేనే పండుతాది. ఎండ మనకు ఏటా పండుతాది. శాస్త్రీయంగా ఆలోచించండి, ఎవరు పెద్ద రైతు?"

చప్పట్లు మోగాయి. పార్టీ చరిత్రలో తొలిసారిగా ఒక పెట్టుబడిదారుడు రైతుగా గుర్తింపు పొంది, మెడలో ఆకుపచ్చ కండువా వేయించుకున్నాడు.

ఓబన్న లేచి నిలబడ్డాడు. "అన్నా, కొర్ర వెన్ను వేసిండాది. కోసుకునేదాకా ఆగమను."

"చరిత్ర ఆగదప్పా" అన్నాడు వీరభద్ర.

మరునాడు చరిత్ర పొక్లెయిన్ ఎక్కి వచ్చింది. ఓబన్న అడ్డం నిలబడ్డాడు. ఆనాడు కొట్టినవాళ్లు దోపిడీవర్గాల పోలీసులు. ఈనాడు కొట్టినవాళ్లు ప్రజాపోలీసులు. ఓబన్న వీపు వెనకబడినది గనుక ఆ తేడా కనిపెట్టలేకపోయింది.

రైతు కూలీ కావడమంటే సమాజం ఒక మెట్టు ఎక్కడమని పార్టీ తరగతుల్లో చెబుతారు. ఆ విధంగా ఓబన్న ఎదిగాడు. వీరభద్ర తమ్ముడి కాంట్రాక్టు కింద, తన చేనులోనే, కంపెనీ పరిచిన సోలార్ అద్దాలు తుడిచే పని దొరికింది. తుడవడానికి ట్యాంకర్లతో నీళ్లు వస్తాయి.

ఈరక్క సద్ది తెచ్చినప్పుడల్లా ఆ ట్యాంకరును చూస్తుంది. "కొర్రకు ఒక్క తడి అడిగి అడిగి నోరెండిపాయ. ఈ పొద్దు గాజుకు పోస్తాండారు సూడు."

"గాజు అడగదు లేమే" అన్నాడు ఓబన్న. "అందుకే పోస్తాండారు."

ఆ కరెంటు తీగల వెంట పట్నానికి పోతుంది. అక్కడ చల్లటి హాళ్లలో మనం సీమ కరువు మీద సదస్సులు పెట్టుకుంటాం. మొన్నటి సదస్సులో సీమ ఎండల గురించి కంటతడి పెట్టించేలా మాట్లాడిన వక్తకు మధ్యలో చలేసింది. మనమే లేచి శాలువా కప్పాం.