సాక్షుల ఎదుట తినని చేప

ఆకలి వేసిందో లేదో కడుపే తేల్చుకునే అనాగరిక కాలం సండూరులో ముగిసింది. ఇప్పుడు దానికొక కమిటీ ఉంది.

ఖనిజం లారీలు నడిపే ఒక కంపెనీ ఆఫీసులో, టీ మీద కూడా ఎర్రదుమ్ము మీగడలా తేలే హాల్లో, యజమాని వివేక్ ఉప్పునీటి అక్వేరియం పెట్టించాడు. అందులో ఒకే చేప. పసుపు చారలు, సూది మూతి. బతికున్న సన్నరొయ్యలు తప్ప ఏదీ ముట్టదు. అవి బెంగళూరు నుంచి బస్సులో సగం చచ్చి వచ్చేవి. అందుకని ఇకపై గుళికల మేతే అని కంపెనీ తీర్మానించింది. (ఈ వైపు గుళికలంటే చేలో పురుగులకు చల్లేవి. చేప అనుమానం నిరాధారం కాదు.) గుళికలు తింటున్నట్టు ఇద్దరు కమిటీ సభ్యులు కళ్లారా చూడాలి. లేదంటే మేత పద్దు రద్దు.

చేప బాధ్యత సైలస్‌ది. లారీలకు ట్రిప్పులు వేసే గుమాస్తా, ఒంటరివాడు. ఎవరైనా తన నోటివైపు చూస్తే అతనికి ముద్ద దిగదు. అందుకే క్యాంటీన్‌కు పోకుండా అక్వేరియం పక్కనే డబ్బా విప్పుకునేవాడు. గుళికలను వెల్లుల్లి రసంలో నానబెట్టి రొయ్యల్లో కలిపాడు. మెల్లగా రొయ్యలు తగ్గించాడు. ఒక మధ్యాహ్నం తన అన్నం మీదికి వంగి ఉండగా, చేప గుళికను అందుకుని, ఉమ్మి, ఆలోచించి, మళ్లీ అందుకోవడం కంటికొనలో కనిపించింది. అతను తల తిప్పలేదు. తిప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు.

శుక్రవారం కమిటీ వచ్చింది. అధ్యక్షుడు నారప, వివేక్‌కు చిన్నాయన. మారు వడ్డించకుండా ఎవరినీ విస్తరి ముందు నుంచి లేవనివ్వని ఇంటివాడు. కుర్చీ లాక్కుని అద్దానికి మొహం ఆనించాడు.

"తినప్పా, మొగమాటమేంది? మనిల్లే అనుకో."

చేప రాయి వెనక్కి పోయింది.

"ఇంగ రొంత ఏయి సైలస్!"

"అన్నా, మనం పక్కకు పోతే తింటాది."

"వడ్డించి పక్కకు పోతారా యాడన్నా? ఏం మర్యాదప్పా అది?"

"మీరొక్కరే చూసింటే లెక్కలోకి రాదు సైలసన్నా," అంది కమిటీలో రెండో మనిషి, సిబ్బంది వ్యవహారాలు చూసే రజని. "రూల్ అంటే రూల్."

"చూస్తాంటే తినదు మేడం."

"చూడకుండా తినిందని నేనెట్ల రాసేది?"

"నా చేతి మింద తినకుండా పోయినోడు ఇంతవరకు లేడు," అన్నాడు నారప. నిజంగానే నొచ్చుకున్నాడు.

మేత పద్దు రద్దయింది. తినదని తేలిన చేపకు ఎవరైనా మేత వేస్తే క్రమశిక్షణారాహిత్యం. అక్వేరియం బాధ్యత మరొకరికి పోతుంది. సైలస్ తన అన్నం డబ్బాలోనే గుళికలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా భోంచేసేవారు.

కొన్నాళ్లకు కమిటీ తిరిగొచ్చింది.

"ఏందప్పా ఇది, బలిసిండాది!" నారప కళ్లు చిట్లించాడు. "ఏమన్నా ఏస్తాండావా?"

ఒప్పుకుంటే ఈ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు. వచ్చినవాడు బాధ్యతగా, కళ్లార్పకుండా చేపనే చూస్తాడు. చేప బాధ్యతగా చస్తుంది.

"లేదన్నా," అన్నాడు సైలస్.

"ఒట్టు?"

"ఒట్టన్నా."

రజని మొహం వెలిగింది. మేత ఆపాకే చేప ఆరోగ్యం మెరుగుపడిందనీ, తిండి అవసరం కాదు, ఉత్త అలవాటనీ నివేదిక తయారైంది. క్యాంటీన్‌లో డ్రైవర్ల భోజనాన్ని సోమవారం నుంచి ప్రయోగాత్మకంగా నిలిపివేయాలని అందులో సిఫారసు. కింద సైలస్ సంతకం చేశాడు. సంతకం ఎప్పటిలాగే పొందికగా పడింది, అతన్ని కలవరపెట్టింది అదొక్కటే.

చేపకున్నపాటి క్రమశిక్షణ డ్రైవర్లలో కనిపించలేదని రెండో నివేదికలో రాశారు.